నాభి దాటినా ముఖం తలకిందులు కాలేదేం?

పేరు వేయవద్దని కోరుతూ ఒక ఉపాధ్యాయిని నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమె చదివింది గణితం. భౌతికశాస్త్రం చెప్పేవారు లేక ఈ ఏడాది ఆ తరగతులూ ఆమె మీదే పడ్డాయి. గోళాకార దర్పణాల పాఠం దగ్గర వరసగా మూడు దెబ్బలు తగిలాయట.

మొదటిది ప్రయోగం. పుటాకార దర్పణాన్ని, అంటే లోపలికి వంగిన అద్దాన్ని, మూడు మీటర్ల దూరంలో ఉన్న కిటికీ వైపు తిప్పారు. కిటికీ ఊచలు కాగితం మీద స్పష్టంగా పడిన చోటు కొలిస్తే 15.8 సెంటీమీటర్లు వచ్చింది. దర్పణం వెనక మాత్రం నాభ్యంతరం 15 అని రాసి ఉంది. చాలా దూరం నుంచి సమాంతరంగా వచ్చే కిరణాలు దర్పణం మీద పడి తిరిగొచ్చి కలిసే చోటు నాభి, దర్పణం నుంచి దాని దూరమే నాభ్యంతరం. తన కొలతనే నమ్మి లెక్క వేసి, కొవ్వొత్తిని 20 సెం.మీ. దగ్గర పెడితే ప్రతిబింబం 75 దగ్గర పడాలని బల్ల మీద సుద్దతో గీత గీశారు. అక్కడ పడింది ఒక మసక మరక. స్పష్టమైన మంట 60 దగ్గర దొరికింది. "పదిహేను సెంటీమీటర్లు తప్పే ప్రయోగాన్ని పిల్లల ముందు మళ్లీ ఏ ముఖం పెట్టుకుని చేయను?" అని అడిగారు.

రెండోది ఒక కుర్రాడి ప్రశ్న. ముఖాన్ని పెద్దదిగా చూపే గుండ్రటి అద్దాన్ని అతను ఇంటి నుంచి తెచ్చాడు. దాని నాభ్యంతరం 50 సెం.మీ. అని తేలింది. "నాభి దాటితే తలకిందులవుతుందన్నారు కదా టీచర్! 60 దాకా వెళ్లాను, 80 దాకా వెళ్లాను. నా ముఖం నిటారుగానే ఉంది, మసకబారింది అంతే" అన్నాడు. మిగతా పిల్లలూ ప్రయత్నించారు. మసక ఎక్కడ మొదలైందంటే ఒక్కొక్కరూ ఒక్కో దూరం చెప్పారు. ఏం చెప్పాలో తోచక "అద్దం నాణ్యత బాగాలేదు" అనేశారు ఆమె. ఆ మాట అంటున్నప్పుడే అది నిజం కాదనిపించిందట. అప్పటి నుంచి అదే గుచ్చుకుంటోంది.

మూడోది గుర్తుల గొడవ, అంటే లెక్కలో దూరాలకు వేసే ప్లస్, మైనస్‌ల సంగతి. అదే బడిలో చాలా ఏళ్లుగా చెబుతున్న మాస్టారొకరు తరగతిలోకి వచ్చి, పిల్లల ముందే, "ఈ మైనస్‌లన్నీ దేనికమ్మా, నిజమైనవన్నీ ప్లస్ అనుకుంటే పోలా?" అన్నారు. మర్నాడు ఒకే లెక్కకు (నాభ్యంతరం 15, వస్తువు 20 దగ్గర ఉంటే ప్రతిబింబం ఎక్కడ?) పిల్లల నోట్సుల్లో మూడు జవాబులు కనిపించాయి: −60, 60, 8.6. మొదటి రెండూ ఎక్కడివో ఆమెకు తెలుసు. మూడోది ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలియలేదు.

పిల్లల ముందు తప్పు ఒప్పుకోవాలా, ఏమీ ఎరగనట్టు ముందుకు పోవాలా, పాఠాన్ని ఆ మాస్టారికే అప్పగించి తప్పుకోవాలా అన్నది ఆమె ప్రశ్న. ఉత్తరం చివర తాజా కలంగా ఇంకో సందేహం కూడా ఉంది. దాని సంగతి ఆఖర్న చూద్దాం.

సమాధానం:

మీ ఉత్తరంలో రెండోదిగా రాసిన విషయాన్ని ముందు తీసుకుంటాను, ఎందుకంటే అసలు ముడి అక్కడే ఉంది. ఆ కుర్రాడు చూసింది నిజం. అద్దం మంచిదే. పుస్తకమూ తప్పు చెప్పలేదు. అయితే పుస్తకంలోని పట్టికకు, వస్తువు దూరాన్నీ ప్రతిబింబం దూరాన్నీ నాభ్యంతరంతో కలిపే దర్పణ సూత్రానికి కన్ను అనేది ఒకటుందని తెలియదు. ప్రతిబింబం ఎక్కడ ఏర్పడుతుందో, ఎంత పెద్దదో అవి చెబుతాయి. దాన్ని ఎవరు, ఎక్కడ నిలబడి చూస్తున్నారో వాటికి పట్టదు. మన ముఖాన్ని మనమే చూసుకునేటప్పుడు వస్తువు, కన్ను ఒకే చోట ఉంటాయి. చిక్కంతా అక్కడే పుడుతుంది.

నాభ్యంతరం 50 సెం.మీ. ఉన్న అదే అద్దంతో ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ చూడండి. ముఖం 25 దగ్గర ఉంటే ప్రతిబింబం అద్దం వెనక 50 సెం.మీ. దూరంలో ఏర్పడుతుంది. నిటారు, మిథ్య (తెర మీద పట్టలేనిది), ఆవర్ధనం (వస్తువుకు ఎన్ని రెట్లో చెప్పేది) 2. ముఖాన్ని 40 కి జరిపితే ప్రతిబింబం అద్దం వెనక 200 కి వెళ్లిపోతుంది, ఆవర్ధనం 5 అవుతుంది. సరిగ్గా 50 దగ్గర, అంటే నాభి దగ్గర, ముఖం మీది ఒక్కో బిందువు నుంచి వెళ్లిన కిరణాలు సమాంతరమై తిరిగొస్తాయి. పుస్తకం దీన్ని "ప్రతిబింబం అనంత దూరంలో" అంటుంది. పిల్లలు దాన్ని "ఏమీ కనిపించదు" అని చదువుకుంటారు. నిజానికి సమాంతర కిరణాలను చూడటం ఆరోగ్యమైన కంటికి అన్నిటికన్నా సులువైన పని, చుక్కల్ని చూస్తున్నది అలాగే కదా. కాబట్టి నాభి దగ్గర ముఖం స్పష్టంగా, నిటారుగా కనిపిస్తుంది.

ఇప్పుడు 60 కి రండి. సూత్రం ప్రకారం నిజ ప్రతిబింబం, అంటే తెర మీద పట్టగలిగేది, అద్దానికి ముందు 300 సెం.మీ. దగ్గర, తలకిందులుగా ఏర్పడాలి. అంటే కుర్రాడి తల వెనక 240 సెం.మీ. దూరంలో! కిరణాలు అక్కడికి చేరి కలుసుకోకముందే అతని కన్ను వాటికి అడ్డం పడింది. అలా కలుసుకోబోతూ వస్తున్న కిరణాలను మామూలు కన్ను రెటీనా మీద కూర్చలేదు, ఎందుకంటే లోకంలో ఏ వస్తువూ కంటికి అలాంటి కిరణాలు పంపదు. అందుకే మసక. తలకిందులు కావడం కిరణాలు కలిసి, ఒకదాన్నొకటి దాటాక జరిగే పని. అది ఇంకా జరగలేదు కనుక ముఖం నిటారుగానే ఉంది.

80 దగ్గర ప్రతిబింబం 133 దగ్గర, ఇంకా అతని వీపు వెనకే ఉంటుంది. 100 దగ్గర, అంటే నాభ్యంతరానికి రెట్టింపు దూరంలో ఉండే వక్రతా కేంద్రంలో (అద్దం ఏ గోళంలో ముక్కో దాని కేంద్రంలో), అది సరిగ్గా అతని కంటి మీదే పడుతుంది. అప్పుడు అద్దమంతా ఒకే మసక ముద్దతో నిండిపోయినట్టు ఉంటుంది. దాన్ని దాటితేనే ప్రతిబింబం అద్దానికీ కంటికీ మధ్యకు వస్తుంది. 105 దగ్గర నిలబడితే ముఖం తలకిందులైంది గానీ ప్రతిబింబం కంటికి 9.5 సెం.మీ. దూరంలోనే ఉంది కాబట్టి మసక వదలదు. 115 కి వెళితే ప్రతిబింబం కంటికి 26 సెం.మీ. పైచిలుకు దూరంలో నిలుస్తుంది. పుస్తకం చదివే దూరమే అది. అక్కడ తలకిందులైన ముఖం స్పష్టంగా దొరుకుతుంది. మీ కుర్రాడు 80 దగ్గర ఆగిపోయాడు, ఇంకో 35 సెంటీమీటర్లు వెనక్కి నడిస్తే సరిపోయేది.

కాబట్టి అతనికి చెప్పాల్సిన మాట ఇది: తన ముఖాన్ని తానే చూసుకునేవాడికి బొమ్మ తిరగబడే చోటు వక్రతా కేంద్రం. వస్తువును ఒకచోట పెట్టి దూరంగా నిలబడి చూసేవాడికి నాభి. ఇది నోటితో చెప్పేకన్నా చేసి చూపిస్తే బాగుంటుంది. అద్దం నుంచి 70 సెం.మీ. దగ్గర ఒకరిని పెన్సిలు పట్టుకోమనండి. దాని ప్రతిబింబం 175 దగ్గర రెండున్నర రెట్లుగా ఏర్పడుతుంది. ఇంకొకరిని 225 దగ్గర నిలబెట్టి అద్దంలోకి చూడమనండి. పెన్సిలు తలకిందులుగా కనిపిస్తుంది. ఆ తర్వాత వాళ్లనే పెన్సిలు ఉన్న 70 దగ్గరికి వచ్చి తమ ముఖం చూసుకోమనండి. ముఖం నిటారుగా, మసగ్గా ఉంటుంది. అద్దం అదే, దూరం అదే. మారింది కన్ను ఉన్న చోటు.

మసక ఎక్కడ మొదలైందన్న దానికి పిల్లలు తలా ఒక దూరం చెప్పడం కూడా మీకు పనికొచ్చే సాక్ష్యమే. హ్రస్వదృష్టి ఉన్న (దూరపువి మసగ్గా కనిపించే) పిల్లలు కళ్లద్దాలు తీసి చూస్తే నాభికి చేరకముందే మసక వస్తుంది, ఎందుకంటే దూరమైపోతున్న మిథ్యా ప్రతిబింబం వాళ్ల చూపుకు అందదు. దీర్ఘదృష్టి ఉన్న (దగ్గరివి మసగ్గా కనిపించే) వారికి కళ్లద్దాలు లేకపోతే నాభి దాటాక కూడా కొంత దూరం స్పష్టంగా ఉండొచ్చు, కలుసుకోబోయే కిరణాలు వాళ్ల కంటికి సరిపోతాయి గనక. ఎవరికి ఏ అద్దాలో మీరు అందరి ముందు అడగనక్కర్లేదు. ఎవరి దూరం వాళ్లు రాసుకుంటే చాలు.

ఇంకో అడుగు ముందుకు వేసేవాళ్లు ఉంటే వాళ్లకోసం ఒక మెలిక. ఆవర్ధనం 2 అన్నంత మాత్రాన ముఖం రెండింతలుగా కనిపించదు. 25 సెం.మీ. దగ్గర ఈ అద్దంలో ప్రతిబింబం రెండింతలే, కానీ అది కంటికి 75 సెం.మీ. దూరంలో ఉంది. అదే దూరంలో సమతల దర్పణం పెడితే ప్రతిబింబం ఒక్కింతే, కానీ కంటికి 50 దూరంలో ఉంటుంది. పెద్దదే, కాకపోతే దూరంగా ఉన్నది. కంటికి లెక్క తేలేది పరిమాణాన్ని దూరంతో భాగించాకే: 2/75 ను 1/50 తో పోలిస్తే 1.33 రెట్లు. "పెట్టె మీద రాసినంత పెద్దగా కనపడటంలేదే" అని ఎవరైనా అంటే కారణం ఇదే.

ఇక కొవ్వొత్తి సంగతి. మీ చేతి పొరపాటు సెంటీమీటరు కూడా లేదు, దాన్ని పదిహేను సెంటీమీటర్లకు పెంచింది వస్తువుకు మీరు ఎంచుకున్న చోటు. మూడు మీటర్ల దూరంలోని కిటికీ ఊచలు 15 సెం.మీ. నాభ్యంతరం ఉన్న దర్పణానికి "అనంత దూరం" కావు. సూత్రంలో 300 వేసి చూడండి, ప్రతిబింబం 15.79 దగ్గర వస్తుంది. మీకు వచ్చింది 15.8. అంటే మీరు చాలా జాగ్రత్తగా కొలిచారు, కాకపోతే మీరు కొలిచింది కిటికీకి ప్రతిబింబ దూరం, నాభ్యంతరం కాదు. ఊచలను వదిలి, కిటికీ బయట దూరంగా ఉన్న చెట్టునో భవనాన్నో కాగితం మీదకు తెచ్చి ఉంటే 15.05 లాంటిది వచ్చేది. ఊచలు, చెట్టు రెండూ ఒకేసారి స్పష్టంగా పడవు. ఏది స్పష్టంగా ఉందో చూసి ఆగాలి. సూర్యుడి వైపు మాత్రం దర్పణాన్ని తిప్పనివ్వకండి. కాగితం కాలుతుంది, కంటికి ప్రమాదం.

ఆ 0.8 పొరపాటు 15 అయింది ఎలాగంటే, వస్తువును నాభికి 5 సెం.మీ. దగ్గర్లో పెట్టారు కనుక. ప్రతిబింబ దూరాన్ని నాభ్యంతరంతో భాగించి వర్గం చేయండి: 60/15 అంటే 4, దాని వర్గం 16. నాభ్యంతరంలో చిన్న తప్పు అక్కడ దాదాపు అన్ని రెట్లు పెరుగుతుంది. అదే తప్పుతో వస్తువును 30 దగ్గర పెట్టి ఉంటే మీ గీత 33.4 దగ్గర, ప్రతిబింబం 30 దగ్గర పడేవి. 40 దగ్గర పెడితే తేడా రెండు సెంటీమీటర్లే. ఇక 16 దగ్గర పెట్టారంటే ప్రతిబింబం 240 కి పోతుంది, 17 దగ్గరైతే 127.5 కి వచ్చేస్తుంది. స్కేలు మీద ఒక్క సెంటీమీటరు జరిగితే తెర మీద మీటరు పైన జరిగింది. నాభి చుట్టుపక్కల ఎవరి ప్రయోగమైనా ఇలాగే అల్లరి పెడుతుంది.

కొలత తప్పితే మంచి దర్పణం కూడా చెడ్డపేరు మోస్తుందని చెప్పడానికి పిల్లలకు హబుల్ టెలిస్కోపు కథ ఉంది. 1990 లో కక్ష్యలోకి వెళ్లిన దాని 2.4 మీటర్ల దర్పణం అంచు దగ్గర సుమారు 2.2 మైక్రోమీటర్లు ఎక్కువ చదునుగా తయారైంది. సానపట్టడం అద్భుతంగానే చేశారు. దర్పణం ఆకారాన్ని సరిచూసే పరికరంలో ఒక కటకం (లెన్సు) ఉండాల్సిన దూరానికి 1.3 మిల్లీమీటర్లు తేడాగా అమరింది, ఆ తప్పు కొలతకు తగ్గట్టే దర్పణాన్ని సానబట్టారు. 1993 లో వ్యోమగాములు వెళ్లి ఆ తేడాను సరిదిద్దే భాగాలు అమర్చారు.

మళ్లీ చేసేటప్పుడు నాభ్యంతరాన్ని కిటికీతో అంచనా వేసి వదిలేయకండి. గుండుసూదిని నిటారుగా స్టాండుకు గుచ్చి, దర్పణానికి 30 సెం.మీ. ప్రాంతంలో, మొన ప్రధానాక్షం (దర్పణం నడిమి నుంచి నాభి గుండా వెళ్లే గీత) ఎత్తుకు వచ్చేలా పెట్టండి. దూరం నుంచి చూస్తే దాని తలకిందుల ప్రతిబింబం కనిపిస్తుంది. సూదిని ముందుకూ వెనక్కూ జరుపుతూ రెండు మొనలూ తాకేలా తెచ్చి, తలను కుడికీ ఎడమకూ ఊపండి. మొనలు విడిపోకుండా అంటుకునే ఉంటే సూది సరిగ్గా వక్రతా కేంద్రంలో ఉన్నట్టు. ఆ దూరంలో సగం నాభ్యంతరం. ఇందులో అనంత దూరపు వస్తువు అక్కర్లేదు, గుర్తుల గొడవ లేదు, 2 మి.మీ. తప్పు కొలిచినా నాభ్యంతరంలో ఒక్క మిల్లీమీటరే తప్పుతుంది.

కొవ్వొత్తిని కూడా మానేయడమే నయం. కరిగేకొద్దీ మంట కిందికి దిగి అక్షం నుంచి తప్పుకుంటుంది, గాలికి ఊగుతుంది, మంటకు అంచు ఎక్కడో ఎవరికీ తెలియదు. అట్టముక్కలో ఒక సెంటీమీటరు ఎత్తు బాణం కత్తిరించి, దానికి ఒక పక్కన మాత్రమే చిన్న జెండా పెట్టండి. వెనక పల్చటి ట్రేసింగు కాగితం అంటించి, దాని వెనక టార్చి వెలిగించండి. 20 దగ్గర పెడితే 60 దగ్గర 3 సెం.మీ. బాణం తలకిందులుగా పడుతుంది, జెండా కూడా అవతలి పక్కకు మారుతుంది. చాలామంది చెప్పడం మరిచిపోయే సంగతి ఈ జెండా చూపిస్తుంది.

తెర ఈ సందర్భంలో వస్తువు వెనక ఉంటుంది, కాబట్టి వస్తువే దారికి అడ్డం. అట్ట వీలైనంత చిన్నదిగా ఉండాలి, దర్పణాన్ని చిటికెడంత పైకి వంచి తెరను వస్తువు తలమీదుగా పెట్టాలి. ఎక్కువ వంచితే నిలువు గీతలు ఒకచోట, అడ్డ గీతలు ఇంకోచోట స్పష్టమై పిల్లలు తన్నుకుంటారు. వస్తువు 45 దగ్గర ఉన్నప్పుడు తెర 22.5 దగ్గర, అంటే వస్తువుకూ దర్పణానికీ మధ్య ఉంటుంది. అప్పుడు రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున్న కాగితం చీలిక చాలు. దర్పణం మొత్తానికి వెలుగు అందనక్కర్లేదు, సగం కప్పేసినా ప్రతిబింబం పూర్తిగానే ఉంటుంది, వెలుగు తగ్గుతుంది అంతే.

ఒక్క రీడింగుతో సరిపెట్టకండి. 5 సెం.మీ. వ్యాసం ఉన్న దర్పణంతో 60 దగ్గర పడే బొమ్మ అటూ ఇటూ అర సెంటీమీటరు దాకా స్పష్టంగానే కనిపిస్తుంది. తెరను ఒకసారి దర్పణం వైపు నుంచి, ఒకసారి అవతలి వైపు నుంచి తెచ్చి ఆపి, రెండింటి సగటు రాయించండి. మరీ పెద్ద దర్పణం తీసుకుంటే అంచు కిరణాలు నాభికన్నా ముందే కలిసిపోయి అంచులు మసకవుతాయి. ప్రయోగశాల దర్పణాలకు వెండి పూత వెనక వైపు ఉంటుంది గనక గాజు ముందు తలం నుంచి కూడా నూటికి నాలుగు వంతుల వెలుగు తిరిగొచ్చి పక్కనే ఒక పలచని బొమ్మ వేస్తుంది. దాన్ని చూసి కంగారు పడకండి.

పిల్లల ముందు ఎలా నిలబడాలన్నది మీరు అడిగిన అసలు ప్రశ్న. దారులు మూడున్నాయి, మూడింటికీ ఖరీదు ఉంది.

ఏమీ అనకుండా తర్వాతి పాఠానికి వెళ్లిపోవచ్చు. తరగతి ప్రశాంతంగా సాగుతుంది. కానీ ఆ కుర్రాడి దగ్గర ఒక మంచి పరిశీలన ఉండి, దానికి "అద్దం బాగాలేదు" అనే ముద్ర పడింది. పుస్తకానికి భిన్నంగా ఏదైనా కనిపిస్తే పరికరం మీద తోసేయాలని ఇరవై ముప్ఫై మంది పిల్లలు నేర్చుకుని వెళతారు. పైగా అతను ఇంట్లో అదే అద్దంతో ఇంకో అడుగు వెనక్కి వేస్తే తలకిందుల ముఖం కనిపిస్తుంది, మీ మాట తప్పని తనకు తానే తెలుసుకుంటాడు.

పాఠాన్ని మాస్టారికి అప్పగించవచ్చు. ఆయనకు అనుభవం ఉంది, మీకు ఊపిరి దొరుకుతుంది. అయితే గుర్తుల పద్ధతి నడిమధ్యలో మారుతుంది, ఇప్పటికే రెండు పడవల్లో కాళ్లు పెట్టిన పిల్లలకు అది ఇంకో కుదుపు. వచ్చే ఏడాది మీరు ఇదే పాఠం దగ్గర ఇదే భయంతో నిలబడతారు కూడా.

మూడోది, మళ్లీ వెళ్లి చేయడం. "మొన్న అద్దం బాగాలేదన్నాను, అది తప్పు. ఈరోజు చూద్దాం" అన్న రెండు వాక్యాలు చాలు, క్షమాపణల ఉపన్యాసం అక్కర్లేదు. దీనికి ఒక పీరియడ్ పోతుంది, మీరు ముందురోజే ఆ దూరాలన్నీ ఒంటరిగా ఒకసారి నడిచి చూసుకోవాలి. ఎవరో ఒకరు "అయితే మిగతావి కూడా తప్పు చెప్పారా?" అని అడగొచ్చు, దానికి మనసులో సిద్ధపడి వెళ్లండి. నా మొగ్గు దీని వైపే ఉంది. అయినా మీ తరగతి ఎలాంటిదో మీకు తెలిసినట్టు నాకు తెలియదు. మొత్తం తరగతి ముందు నోరు పెగలదనుకుంటే ఆ కుర్రాడిని పిలిచి 115 దగ్గర నిలబెట్టి చూపించి, మిగతావాళ్లకు అతని చేతే చెప్పించండి. అదీ నిజాయితీయే.

గుర్తుల విషయంలో మీరూ తప్పు కాదు, మాస్టారూ తప్పు కాదు. దర్పణ ధ్రువం (అద్దం నడిమి బిందువు) నుంచి కొలుస్తూ, పతన కిరణం (అద్దం మీద పడే కిరణం) వెళ్లే దిశను ధనాత్మకంగా తీసుకునే మీ సంప్రదాయంలో నాభ్యంతరం (ఎఫ్) −15, వస్తు దూరం (యు) −20, ప్రతిబింబ దూరం (వి) కనుక్కోవాలి. 1/వి = 1/ఎఫ్ − 1/యు లో వేస్తే −1/15 + 1/20, అంటే −1/60. వి = −60. ఆవర్ధనం −వి/యు, అంటే −3. మాస్టారి పద్ధతిలో 1/15 − 1/20 = 1/60, వి = 60. మీ మైనస్ "దర్పణానికి ముందు" అంటుంది, ఆయన ప్లస్ "నిజ ప్రతిబింబం" అంటుంది. ఇద్దరూ చూపించేది తెర మీద అదే చోటు.

ఆ 8.6 మాత్రం రెండింటి సంకరం. నాభ్యంతరం మీ పద్ధతిలో −15, వస్తు దూరం ఆయన పద్ధతిలో +20 వేసి చూడండి: −1/15 − 1/20 = −7/60, వి = −8.57. మైనస్ ఎగిరిపోయి 8.6 మిగిలింది. ఆ జవాబు నిజం కాదని లెక్కలోకి దిగకుండానే పసిగట్టవచ్చు: పుటాకార దర్పణం ముందు ఏ నిజ ప్రతిబింబమూ నాభికన్నా దగ్గరగా, అంటే 15 కన్నా లోపల, ఏర్పడదు. పిల్లలు చేసే ఇంకో పొరపాటు, కనుక్కోవాల్సిన వి కి కూడా ముందే గుర్తు తగిలించడం. తెలిసిన వాటికే గుర్తు వేయాలి, తెలియనిదాని గుర్తు లెక్కే చెబుతుంది. కటకాల పాఠం మొదలయ్యాక సూత్రంలోనూ ఆవర్ధనంలోనూ గుర్తు మారుతుందని గట్టిగా చెప్పండి, అక్కడ మళ్లీ ఇదే పంచాయితీ వస్తుంది.

ఏ పద్ధతి ఉంచాలి? పుస్తకంలో ఉన్నదాన్ని ఉంచితే జవాబు పత్రం దిద్దేవారితో పేచీ ఉండదు. రెండూ నేర్పితే చురుకైన పిల్లలకు లాభం, మిగతావారికి మరికొన్ని 8.6 లు. నేనైతే పుస్తకం పద్ధతితో లెక్క చేయించి, జవాబు సరిచూసుకోవడానికి గుర్తులే లేని మూడో దారి ఇస్తాను. దాన్ని న్యూటన్ పేరుతో పిలుస్తారు. దూరాలను దర్పణం నుంచి కాక నాభి నుంచి కొలవండి. నాభి నుంచి వస్తువు దూరాన్ని నాభి నుంచి ప్రతిబింబం దూరంతో గుణిస్తే నాభ్యంతరం వర్గం వస్తుంది. వస్తువు 20 దగ్గరుంటే నాభికి 5 దూరం. 225 ని 5 తో భాగిస్తే 45. నాభి నుంచి 45 అంటే దర్పణం నుంచి 60. ఆవర్ధనం 15/5 = 3. ఇప్పుడు వస్తువును 10 దగ్గర పెట్టండి. నాభికి మళ్లీ 5 దూరమే, కాకపోతే లోపలి వైపు. మళ్లీ 45, మళ్లీ మూడింతలు! ఈసారి నాభి నుంచి దర్పణం వైపు 45 కొలిస్తే దర్పణం దాటి 30 వెనక్కి వెళ్లాం, మిథ్యా ప్రతిబింబం, నిటారు. గణితం చదివినవారు కాబట్టి ఈ సౌష్ఠవం మీకు నచ్చుతుందనుకుంటున్నాను.

మాస్టారితో మాట తరగతిలో వద్దు. ఆ మూడు జవాబులున్న నోట్సులు తీసుకుని స్టాఫ్ రూమ్‌కి వెళ్లండి. "మాస్టారూ, ఈ 8.6 ఎలా వచ్చిందో చూడండి" అని ఆయన ముందు పెట్టండి. అన్నేళ్లు చెప్పిన మనిషి ఒక్క నిమిషంలో పట్టేస్తారు. అప్పుడు "ఈ తరగతికి ఈ ఏడాది ఒకే పద్ధతి ఉంచుదామా?" అని అడగడం సులువు. ఆయన ఒప్పుకోకపోతే, బోర్డు మీద ప్రతి లెక్క పక్కన ఏ సంప్రదాయమో ఒక మాట రాయించడం మొదలుపెట్టండి. కలగాపులగం సగం అక్కడే తగ్గుతుంది.

ఇక తాజా కలం. బండికి ఉండే కుంభాకార దర్పణంలో (బయటికి ఉబ్బిన అద్దంలో) ప్రతిబింబం అద్దం వెనక దగ్గర్లోనే ఏర్పడుతుందని పుస్తకం చెబుతుంటే, వెనక వచ్చే వాహనం ఉన్నదానికన్నా దూరంగా ఎందుకు కనిపిస్తుందని అడిగారు. ఇదీ కంటి ప్రశ్నే. వక్రతా వ్యాసార్ధం 1.2 మీటర్లు అనుకోండి, నాభ్యంతరం +60 సెం.మీ. అద్దానికి 10 మీటర్ల వెనక 1.5 మీటర్ల ఎత్తున్న కారు ఉంటే దాని ప్రతిబింబం అద్దం వెనక 56.6 సెం.మీ. దగ్గర, 8.5 సెం.మీ. ఎత్తుతో ఏర్పడుతుంది. కన్ను అద్దానికి 50 సెం.మీ. దూరంలో ఉంటే ఆ బుల్లి కారు కంటికి 106.6 సెం.మీ. దూరంలో ఉన్నట్టు. అంత దూరంలో 8.5 సెం.మీ. బొమ్మ కంటి దగ్గర చేసే కోణం, నిజమైన కారు 18.8 మీటర్ల దూరంలో ఉంటే చేసే కోణంతో సమానం. సమతల దర్పణంలో అయితే అది 10.5 మీటర్ల దూరంలో ఉన్నట్టుండేది. మనకు కారు ఎత్తు ముందే తెలుసు, అందుకే మెదడు దూరాన్ని పరిమాణం బట్టి అంచనా వేసి 18.8 అనుకుంటుంది. ఆ కుర్రాడికి ఇంటిపనిగా ఇదే లెక్క ఇచ్చి, కన్ను అద్దానికి 50 కి బదులు 100 సెం.మీ. దూరంలో ఉంటే ఆ 18.8 ఎంతవుతుందో కనుక్కోమనండి.